హాప్ తీగలో మేలురకాల ఉత్పత్తి

తొలకరి వానలు పడిన కొద్ది రోజులకు నేలలోని దుంపనుంచి ఆకాకర తీగ మొలకెత్తి, దగ్గరనున్న కంచెనో పొదనో పట్టుకొని పైకి పాకుతుంది. వానకాలం గడిచిన తరువాత తీగ ఎండిపోతుంది. దుంప మాత్రం నేలలో బ్రతికియుండి మరుసటి సంవత్సరం తిరిగి చిగురిస్తుంది. ఆకాకరలో మరొక విశేషమున్నది. మగపూలు ఒక తీగకు పూస్తాయి, ఆడపూలు వేరొక తీగకు పూస్తాయి. కాయలు కాచేది ఆడతీగ ఒక్కటే.

చలిదేశాలలో ఇదే తీరున జీవించే తీగ ఒకటున్నది. దాని పేరు హాప్. శాస్త్రజ్ఞులు దానిని హ్యూములస్ లుప్యులస్ అంటారు. జీవించే తీరులో పోలికయేగాని ఆకాకరకూ దీనికీ చుట్టరికం లేదు. ఆకాకర గుమ్మడి కుటుంబంలోనిది, హాప్ గంజాయి కుటుంబంలోనిది. వసంతకాలంలో హాప్ వేరుమొదలునుంచి పిలకలు బయలుదేరి, కట్టిన త్రాళ్లను చుట్టుకొంటూ ఒక్క వేసవిలోనే 5, 6 మీటర్ల ఎత్తుకు ఎక్కుతాయి. చలికాలం రాగానే పైభాగమంతా చనిపోతుంది. వేరుమొదలు ఏండ్ల తరబడి బ్రతుకుతుంది.

ఈ తీగను మంచి రకంగా తీర్చిదిద్దడానికి శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా శ్రమించారు. ఆ కృషిలో వృక్షప్రజననానికి సంబంధించిన ముఖ్యసూత్రాలు దాదాపు అన్నీ కనిపిస్తాయి. అందుచేత ఈ మొక్క మన పొలాలలో పెరగకపోయినా, దాని కథ జీవశాస్త్ర విద్యార్థికి ఉపయోగపడుతుంది.

పసుపుపచ్చని పొడి

హాప్ ఆడపూలు గుత్తులుగా పూసి, పలుచని పొలుసులు ఒకదానిపై నొకటి కప్పుకొన్న లేతపచ్చని శంకువులుగా మారుతాయి. పొలుసు విప్పి చూస్తే అడుగున పసుపుపచ్చని పొడి కనిపిస్తుంది. దీనిని లుప్యులిన్ అంటారు. ఇది కంటికి పొడివలె కనిపించినా, నిజానికి సూక్ష్మమైన గ్రంథుల సముదాయం. ఈ గ్రంథులలో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు, బీటా ఆమ్లాలు, సువాసననిచ్చే నూనెలు ఉంటాయి.

హాప్ శంకువులలో చాలాభాగం బీరు తయారీకే వినియోగమవుతుంది. మొలకెత్తించిన బార్లీనుంచి తీసిన తియ్యని కషాయంలో వీటిని వేసి కాచినప్పుడు, ఆల్ఫా ఆమ్లాల అణువులలోని అమరిక మారి నీటిలో కరిగే చేదుపదార్థాలు ఏర్పడతాయి. ఇవి రుచి నివ్వడంతోబాటు కొన్ని రకాల బాక్టీరియాను పెరగనీయవు. పానీయం త్వరగా పులిసి చెడకుండా ఉండడానికి వెనుకటి రోజులలో హాప్‌ను వాడడానికి ఇదొక ముఖ్యకారణం.

హాప్ తీగ పగటి నిడివిని పట్టి నడుచుకొంటుంది. పగలు దీర్ఘంగా ఉన్నంతకాలం తీగ పొడుగు సాగుతుంది. పగలు తగ్గనారంభించిన తరువాత పూతకు వస్తుంది. దక్షిణ ఇంగ్లాండులో జూన్ నెలలో పగలు సుమారు పదహారున్నర గంటలు. విజయవాడలో అత్యంత దీర్ఘమైన పగలు కూడా సుమారు 13 గంటలే. ఇంత తక్కువ పగటిలో తీగ తగినంత ఎదగకముందే పూతకు వచ్చి పెరుగుదల ఆగిపోతుంది. అందువల్లనే హాప్ తోటలు ఎక్కువగా 35, 55 అక్షాంశాల నడుమ ఉన్నవి. మనదేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో దీనిని పండించారు.

తెగుళ్లు తెచ్చిన అవసరం

ఐరోపాలో హాప్ రైతులు శతాబ్దాలపాటు కొద్దిపాటి రకాలనే నమ్ముకొన్నారు. ఇంగ్లాండులో గోల్డింగ్, ఫగుల్, జర్మనీలో హల్లర్‌టౌ, బొహీమియాలో సాజ్ అట్టి పేరుపొందిన రకాలు. వాటి వాసన మంచిది. రోగాలను తట్టుకొనే శక్తి మాత్రం స్వల్పం.

ఇరవయ్యవ శతాబ్దపు మొదటి పాదంలో ఈ లోపం బయటపడింది. 1905లో జపానులో మొదటిసారి గుర్తించిన బూజు తెగులు 1920లలో ఐరోపాకు వ్యాపించింది. 1926లో బవేరియాలోని హల్లర్‌టౌ ప్రాంతపు తోటలు దానివలన తీవ్రంగా దెబ్బతిన్నవి. ఆ సంవత్సరమే అక్కడి హ్యుల్ గ్రామంలో హాప్ పరిశోధనాసంస్థ వెలసింది. ఇంగ్లాండులోని కెంట్ మండలంలో 1924లో మరొక శత్రువు కనిపించింది. అది వెర్టిసీలియం అనే శిలీంధ్రం కలిగించే ఎండు తెగులు. ఈ శిలీంధ్రం నేలలో ఏండ్ల తరబడి ఉండి, వేళ్లద్వారా ప్రవేశించి, నీరు ప్రవహించే నాళాలను ఆక్రమిస్తుంది. తీగ నిలువునా వాడిపోతుంది. మందు చల్లి దీనిని నయంచేయడం సాధ్యం కాదు. త్రాళ్లు, స్తంభాలు, పందిళ్లకు ఎంతో ధనం పెట్టిన రైతు తోటను పెకలించవలసిందే. మిగిలిన ఆశ, ఆ తెగులును స్వభావసిద్ధంగా తట్టుకొనే రకాన్ని పుట్టించడమే.

కొమ్మతో నిలుపుట, గింజతో మార్చుట

మామిడిలో బంగినపల్లి రకం కావాలనుకొన్న రైతు టెంక పాతడు, అంటు తెచ్చి నాటుతాడు. చెరకును ముచ్చెలు పాతి పెంచుతాడు. హాప్ రైతు కూడా అట్లే వేరుమొదలు ముక్కలనో, లేత కాండపు ముక్కలనో నాటుతాడు. ఈ పద్ధతిలో వచ్చిన మొక్కలన్నీ తల్లిమొక్కకు అచ్చమైన ప్రతులు. ఒక మొక్కనుంచి ఇట్లు వచ్చిన సంతతి మొత్తాన్ని క్లోన్ అంటారు. కొమ్మతో పెంచితే రకం మారక నిలుస్తుంది. దానితోబాటు దాని లోపాలూ నిలుస్తాయి. ఒక మొక్కను చంపగల రోగం తోటనంతా చంపగలదు.

నాటిన క్లోన్లలో కూడ కాలక్రమాన కొద్దికొద్ది భేదాలు పొడసూపుతాయి. చెకొస్లొవేకియాలో కారెల్ ఓస్వాల్డ్ 1927 నుంచి సాజ్ తోటలను పరిశీలించి, మేలైన మొక్కలను ఏరి, వాటినుంచి క్లోన్లను వృద్ధిచేశారు. ఆయన పేరుతో 31, 72, 114 అనే సంఖ్యలు గల క్లోన్లు ప్రసిద్ధికెక్కినవి. ఇది ఏరిక పద్ధతి. ఉన్నదానిలో మేలైనది దొరుకుతుందేగాని, లేని గుణం కొత్తగా రాదు.

కొత్త గుణం రావాలంటే గింజ కావాలి. గింజ ఏర్పడేటప్పుడు తల్లి జన్యువులు సగం, తండ్రి జన్యువులు సగం కలుస్తాయి. హాప్ స్వపరాగసంపర్కానికి వీలులేని మొక్క గనుక, దానిలో చాలా జన్యువులు విషమయుగ్మజ స్థితిలో ఉంటాయి. అనగా ఒకే గుణానికి చెందిన రెండు జన్యురూపాలు పరస్పరం వేరుగా ఉంటాయి. అందుచేత ఒకే కాయగుత్తిలోని గింజలు మొలకెత్తించినా, ఏ రెండు మొక్కలూ ఒక్కతీరుగా ఉండవు. అధికభాగం తల్లికంటె తక్కువరకమే. మేలైనది వేలలో ఒకటి.

తండ్రి గుణం తెలిసేదెట్లు?

ఇక్కడ హాప్ ప్రజననంలో గల అసలు చిక్కు ఎదురవుతుంది. శంకువులు ఆడతీగకే వస్తాయి. చేదు ఎంత, వాసన ఎట్టిది, దిగుబడి ఎంత అనే విషయాలన్నీ శంకువును చూచి చెప్పవలసినవే. మగతీగ పూలపై కొద్దిపాటి గ్రంథులున్నా అవి శంకువుకు సాటిరావు. అయినను పుట్టబోయే బిడ్డకు సగం గుణాలు ఆ మగతీగనుంచే రావాలి.

పశుపోషకులకు ఈ సమస్య కొత్తది కాదు. ఆబోతు పాలివ్వదు. అయినా అది పాడిగుణాన్ని సంతతికి అందిస్తుంది. దాని విలువను దాని కూతుళ్లు ఇచ్చే పాలనుబట్టి నిర్ణయిస్తారు. హాప్‌లోనూ అదే మార్గం. ఒక మగతీగ పుప్పొడిని గుణం తెలిసిన అనేక ఆడతీగలపై చల్లి, పుట్టిన ఆడమొక్కల శంకువులను పరీక్షించి, తండ్రి విలువను ఊహిస్తారు. దీనికి ఏండ్లు పడుతుంది. ఈ లోపల మగతీగను భద్రంగా కాపాడుకోవాలి.

ఈ కష్టానికి చరిత్రలోనే ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. కెంట్ మండలంలోని వై అనే ఊరి వ్యవసాయ కళాశాలలో ఎర్నెస్ట్ స్టాన్లీ సామన్ 1906లో హాప్ ప్రజననం ఆరంభించారు. ఈ కళాశాల 2009లో మూతపడింది. సామన్ శిలీంధ్రశాస్త్రజ్ఞుడు. ఐరోపా రకాలలో లేని శక్తి అడవి హాప్‌లో ఉండవచ్చునని ఆయన తలచారు. 1916లో కెనడాలోని మానిటోబా రాష్ట్రంనుంచి ఒక అడవితీగ ముక్కను తెప్పించి నాటారు. అది ఆడమొక్క. దానికి బి.బి. 1 అని గుర్తు పెట్టారు. 1918లో దానినుంచి గింజలు సేకరించారు. ఆ చలికాలంలోనే తల్లితీగ చనిపోయింది. చేతిలో మిగిలినవి గింజలు మాత్రమే.

గాలికి వచ్చి పడిన ఇంగ్లీషు మగతీగల పుప్పొడితో ఏర్పడిన గింజలవి. తండ్రి ఎవరో తెలియదు. వాటినుంచి 1919లో పెరిగిన మొక్కలలో రెండు విశేషమైనవిగా తేలినవి. ఒకటి 1934లో విడుదలైన బ్రూయర్స్ గోల్డ్, రెండవది 1938లో విడుదలైన బులియన్. ఈ రెండింటిలో చేదు పాత ఇంగ్లీషు రకాలకంటె చాలా ఎక్కువ. ఫగుల్, గోల్డింగ్ వంటి రకాలలో ఆల్ఫా ఆమ్లాలు ఎండిన శంకువు బరువులో సుమారు నూటికి 4, 5 పాళ్లు. కొత్త తరపు చేదు రకాలలో 15 పాళ్లకు మించడం కూడ ఉన్నది. ఈ పెరుగుదలకు పునాది మానిటోబా తీగ గింజలలో పడింది.

ఆ వంశం ఎట్లు విస్తరించినదో చూడదగినది. బ్రూయర్స్ గోల్డ్ సంతతిలోని ఒక మగమొక్కను గోల్డింగ్ రకపు ఆడతీగతో కలుపగా నార్దర్న్ బ్రూయర్ పుట్టింది. హ్యుల్ శాస్త్రజ్ఞులు నార్దర్న్ బ్రూయర్‌ను బూజు తెగులుకు లొంగని మగతీగతో కలిపి, 1978లో పెర్లె అనే రకాన్ని విడుదలచేశారు. బ్రూయర్స్ గోల్డ్ గింజలనుంచి అమెరికాలో గెలీనా వచ్చింది. గెలీనా తల్లిగా జర్మనీలో మాగ్నమ్ వచ్చింది. ఒకే చలికాలంలో చనిపోయిన అడవితీగ జన్యువులు ఈ విధంగా రెండు ఖండాల తోటలలో నిలిచినవి.

పదేండ్ల పరీక్ష

సంకరణం చేసే పద్ధతి చూడ సులభమే. ఆడతీగ పూమొగ్గలు కీలాగ్రాలు చాపక ముందే వాటికి కాగితపు సంచి తొడుగుతారు. హాప్ పుప్పొడి గాలిలో తేలిపోయేది గనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. తరువాత కోరిన మగతీగ పుప్పొడిని సంచిలోనికి చల్లుతారు. శరత్కాలంలో గింజలు సేకరించి, తడిగా కొన్ని వారాలు చలిలో ఉంచి, మొలకెత్తిస్తారు.

అటుపైన ఏరివేత మొదలవుతుంది. గాజు ఇండ్లలోని వేలాది నారుమొక్కలపై బూడిద తెగులు శిలీంధ్రబీజాలు వెదజల్లుతారు. లొంగినవాటిని తీసివేస్తారు. మిగిలినవి తోటకు చేరుతాయి. పూత వచ్చినప్పుడు మగవి, ఆడవి తెలుస్తాయి. ఆడవాటిలో మేలైనవాటిని కొన్ని సంవత్సరాలు చూచి, వేరుముక్కలతో పెంచి, వేర్వేరు నేలలలో నాటి, దిగుబడి, రసాయనగుణాలు పరీక్షిస్తారు. చివరకు పానీయం తయారుచేసి రుచి చూస్తారు. గింజ వేసిననాటినుంచి రకం రైతుచేతికి వచ్చేసరికి పదేండ్లు దాటడం సామాన్యం. అమెరికాలోని ఓరెగన్‌లో 1956లో సేకరించిన గింజనుంచి వచ్చిన కాస్కేడ్ రకం విడుదలైనది 1972లో. దానికీ తండ్రి గాలి తెచ్చిన పుప్పొడియే. ఎండు తెగులును తట్టుకొనే వై టార్గెట్ కూడ ఆ సంవత్సరమే ఇంగ్లాండులో విడుదలయింది.

క్రోమోసోముల లెక్క

హాప్ కణాలలో 20 క్రోమోసోములుంటాయి. ఆడమొక్కలో రెండు ఎక్స్ క్రోమోసోములు, మగమొక్కలో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. మానవులలో వలెనే ఇక్కడా బిడ్డ మగయో ఆడయో తండ్రి పుప్పొడినిబట్టి ఉంటుంది.

గింజలులేని శంకువులకు గిరాకీ హెచ్చు. మగతీగ దాపుల ఉంటే గింజలు తప్పవు. ఓరెగన్ శాస్త్రజ్ఞులు దీనికి ఒక ఉపాయం కనుగొన్నారు. మన అడవులలో ఎర్రని, పసుపుపచ్చని జ్వాలలవంటి పూలు పూచే అగ్నిశిఖ దుంపలో కొల్చిసిన్ అనే విషపదార్థమున్నది. కణవిభజన సమయంలో క్రోమోసోములను ఇరువైపులకు లాగే దారాలను ఇది ఏర్పడనీయదు. అందువల్ల క్రోమోసోములు రెట్టింపై ఒకే కణంలో ఉండిపోతాయి. ఈ పదార్థంతో ఫగుల్ రకాన్ని 40 క్రోమోసోముల చతుస్థితికంగా మార్చారు. దాని అండకణంలో 20, సామాన్యమైన మగతీగ పుప్పొడిలో 10 ఉంటాయి. బిడ్డలో మొత్తం 30. మూడేసి చొప్పున ఉన్న క్రోమోసోములు బీజకణాలు ఏర్పడేటప్పుడు సరిగా జతపడలేవు. అందుచేత గింజ కట్టదు. ఇట్లు పుట్టిన త్రయస్థితిక రకం విల్లామెట్ 1976లో విడుదలైనది. గింజలేని పుచ్చకాయ వెనుకనున్న సూత్రమూ ఇదే.

లేత ఆకులోనే లక్షణం

పదేండ్ల కాలాన్ని తగ్గించేదెట్లు? దీనికి జన్యుశాస్త్రం చూపిన మార్గం గుర్తుల పద్ధతి. తెలియని ఊరిలో ఒకరి ఇల్లు వెదకేటప్పుడు “రావిచెట్టు ప్రక్క ఇల్లు” అని గుర్తు చెబుతారు. చెట్టు ఇల్లు కాదు, కాని ఇంటికి దారి చూపుతుంది. అట్లే కావలసిన జన్యువుకు సమీపంలో డి.ఎన్.ఎ.లో సులభంగా పోల్చుకోదగిన భాగముంటే, ఆ రెండూ సాధారణంగా కలిసే సంతతికి చేరుతాయి. గుర్తు ఉన్నదంటే జన్యువు ఉన్నదని అనుకోవచ్చు. బీజకణాలు ఏర్పడేటప్పుడు క్రోమోసోములు ముక్కలు మార్చుకొన్నచోట ఈ జత విడిపోయే అవకాశమున్నది. గుర్తు ఎంత దగ్గరదైతే నమ్మకం అంత ఎక్కువ.

1990లలో మగతనాన్ని సూచించే గుర్తులు దొరికినవి. రెండు మూడాకుల నారుమొక్కనుంచి చిటికెడు ఆకు తీసి పరీక్షిస్తే చాలు, మగదో ఆడదో తెలుస్తుంది. పూతకోసం వేచియుండనక్కరలేదు. తెగుళ్లను తట్టుకొనే గుణానికి, చేదుకు సంబంధించిన గుర్తులకోసం కూడ పరిశోధన సాగింది. అన్నింటికంటె ముఖ్యమైన మేలు మగతీగ విషయంలో కలిగింది. శంకువు కాయని తండ్రిలో దాగియున్న జన్యువులను అతని ఆకులోనే కొంతవరకు చదువవచ్చు.

హాప్ జన్యుసంపద మొత్తాన్ని చదవడం తేలిక కాలేదు. అది సుమారు 270 కోట్ల క్షారజతల పొడుగున్నది. వరి జన్యుసంపదకంటె ఇది ఆరేడు రెట్లు పెద్దది. అందులో అధికభాగం మరల మరల వచ్చే ఒకే రీతి వాక్యాలు. జపానులోని షిన్షు వాసె రకపు చిత్తుప్రతి 2015లో ప్రచురితమైంది. 2021లో కాస్కేడ్ రకానికి మరింత నిండైన ప్రతి వెలువడింది. తండ్రి తెలియని రకమే హాప్ జన్యుపఠనానికి ఆధారమైనది.

తీరని పోటీ

జన్యువును చదివినంతమాత్రాన పని ముగియదు. శిలీంధ్రం కూడ మారే జీవి. ఒక్క జన్యువుపై ఆధారపడిన నిరోధశక్తి ఎక్కువకాలం నిలువకపోవచ్చు. 1997లో బూడిద తెగులు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు తోటలలో ప్రవేశించినప్పుడు, కొన్ని రకాలలోని ఒకే నిరోధజన్యువు రైతులను ఆదుకొన్నది. పదిహేనేండ్లు గడిచేసరికి ఆ జన్యువును దాటగల శిలీంధ్రపు తెగలు వచ్చినవి. అందుచేత భిన్నమైన నిరోధజన్యువులను ఒకే మొక్కలో పేర్చడానికి ప్రయత్నిస్తారు. ఏ మొక్కలో ఎన్ని చేరినవో కంటితో చూచి చెప్పలేము. గుర్తుల పద్ధతి ఇక్కడ ఎంతో అవసరం.

వాతావరణం తెచ్చిన చిక్కు మరొకటి. ఐరోపాలోని ప్రాచీన సువాసన రకాలలో 2050 నాటికి దిగుబడి నూటికి 4 నుంచి 18 పాళ్లు, ఆల్ఫా ఆమ్లాలు 20 నుంచి 31 పాళ్లు తగ్గవచ్చునని 2023లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసింది. వేడిని, నీటికొరతను తట్టుకొనే రకాలు కావాలి. ఇప్పుడు గింజ వేసిన రకం తోటకు చేరేసరికి పదేండ్లు పడుతుందన్న సంగతి గుర్తుంచుకొంటే, తొందర ఎంత ఉన్నదో తెలుస్తుంది. ఆ గుణాలు ఎక్కడ దొరుకుతాయి? సామన్ వెదకినచోటనే, అడవి హాప్ తీగలలోనే. అడవితీగ నశిస్తే దానితో ఏ జన్యువులు పోయినవో తెలుసుకొనే మార్గముండదు. అందుకే వాటి గింజలను, వేరుమొదళ్లను సేకరించి కాపాడడం ప్రజననకృషిలో భాగమైనది.

పాత పద్ధతికి, కొత్త పద్ధతికి ఇక్కడ వైరం లేదు. సంచి తొడగడం, పుప్పొడి చల్లడం సామన్ నాటివలెనే జరుగుతాయి. ఏ మొక్కను ఉంచాలో, ఏది తీసివేయాలో ముందుగా చెప్పడం ప్రయోగశాల పని. అది చెప్పినది నిజమో కాదో తేల్చేది తోటయే.

విద్యార్థులకు ఈ విషయం బోధించడానికి హాప్ తీగ అవసరం లేదు. పెరటిలోని బొప్పాయి చాలు. మగచెట్టు కాయలు కాయదని దానిని వెంటనే నరికివేయడం అలవాటు. నరకడానికి ముందు, ప్రక్క చెట్టు కాయలోని గింజలకు ఆ మగచెట్టు ఏయే గుణాలను ఇచ్చియుండునో ఊహించి, ఆ గింజలను నాటి చూడమని పిల్లలకు చెప్పవచ్చు. హాప్ శాస్త్రజ్ఞుడు నూరేండ్లుగా వేసుకొంటున్న ప్రశ్న అదే.